చేతులు జోడించిన ఇళ్లు: జపాన్ కొండల్లోని గొకయామ, షిరకావగో

ఈసారి కొంచెం పెద్ద వ్యాసం రాస్తున్నాను. మెల్లగా చదవండి. నేను కూడా మెల్లగానే రాశాను. నా చదువంతా ఇంగ్లీషు మీడియంలో జరిగింది. తెలుగు రాయడం అరవై దాటాక నేర్చుకున్నాను. తప్పులుంటే చెప్పండి, దిద్దుకుంటాను.

పోయిన అక్టోబరులో మా అమ్మాయి నన్ను జపాన్ తీసుకువెళ్లింది. టోక్యో, క్యోటో చూశాక తనే అంది, "నాన్నా, నీకు నచ్చే ఊరు ఇంకొకటి ఉంది" అని. తకఓకా అనే పట్నం నుంచి బస్సులో కొండల మధ్యకు వెళ్లాం. ఒక మలుపు తిరిగాక కింద గడ్డి ఇళ్లు కనిపించాయి. ప్రతి కప్పూ చాలా ఎత్తుగా, నిటారుగా ఉంది. రెండు అరచేతులు కలిపి నిలబెట్టినట్టు ఉంది.

ఆ ఇళ్లను 'గస్షో' ఇళ్లు అంటారు. గస్షో అంటే అరచేతులు కలపడం. మనం అంజలి అంటామే, అదే. బౌద్ధంతో పాటు ఆ ముద్ర మన దేశం నుంచి చైనాకు, అక్కడి నుంచి జపాన్‌కు వెళ్లింది. గుడిలో రోజూ చేతులు జోడించేవాణ్ణి కదా, పేరుకు అర్థం తెలియగానే ఈ ఇళ్ల కథ మొత్తం తెలుసుకోవాలనిపించింది. అదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఊళ్ల గురించి చెబుతాను. జపాన్ నడిమి భాగంలో హకుసాన్ అనే పర్వతం ఉంది. ఎత్తు 2,702 మీటర్లు. దాని తూర్పున షో నది ఉత్తరానికి పారి తొయామా అఖాతంలో కలుస్తుంది. నది పై భాగంలో ఉన్నది షిరకావగో. అది గిఫు జిల్లాలోది. కింది భాగంలో ఉన్నది గొకయామ. అది తొయామా జిల్లాలోది. షిరకావగోలో ఓగిమాచి, గొకయామలో ఐనోకురా, సుగనుమ అనే మూడు పల్లెలను 1995లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఓగిమాచి పెద్దది. సుగనుమ చాలా చిన్నది, అక్కడ ఉన్నవి తొమ్మిది గస్షో ఇళ్లే. మేము ఐనోకురాలో ఒక రాత్రి ఉన్నాం. అక్కడ ఇరవై దాకా ఉన్నాయి.

అక్కడ మంచు చాలా ఎక్కువ. సముద్రం మీద తడి పట్టిన చలిగాలి వచ్చి ఈ కొండలను తాకుతుంది. చలికాలంలో రెండు మూడు మీటర్ల మంచు పేరుకోవడం మామూలే. పూర్వం నెలల తరబడి దారులు మూసుకుపోయేవి. వరి పండించడానికి చదును నేల లేదు. కొండవాలు మీద పొదలు కాల్చి చిరుధాన్యాలు పండించుకునేవారు. మన ఏజెన్సీ కొండల్లో పోడు అంటారు కదా, అలాంటిదే. తిండికే కష్టం, మరి పన్నులు దేనితో కట్టారు? పట్టుతో, కాగితంతో, సురేకారంతో కట్టారు. ఈ మూడు పనులూ ఇంట్లోనే, ఆ కప్పు కిందే జరిగేవి.

ఇల్లు ఎలా కడతారో చెప్పాలంటే నాకు చాలా మాటలు తక్కువయ్యాయి. వాసం, దూలం, చూరు, అటక, ఇవన్నీ ఈ వ్యాసం కోసం నేర్చుకున్న మాటలే. వాసం అంటే కప్పును మోసే ఏటవాలు కర్ర. చూరు అంటే గోడ దాటి బయటికి వచ్చిన కప్పు అంచు. అటక అంటే కప్పు కింద సామాను పెట్టుకునే చోటు. ఇంకొక విషయం. 'నేయడం' అంటే బట్ట నేయడం ఒక్కటే అనుకున్నాను. గడ్డితో, ఆకుతో ఇంటి కప్పు వేయడాన్ని కూడా తెలుగులో 'ఇల్లు నేయడం' అంటారని నిఘంటువులో చూశాను. చాలా సంతోషం వేసింది.

గస్షో ఇంట్లో కింది భాగం వడ్రంగి పని. స్తంభాలు, దూలాలు వడ్రంగులు అమర్చేవారు. పైన కప్పు మాత్రం ఊరివాళ్ల పని. కప్పు వాలు అరవై డిగ్రీలకు దగ్గరగా ఉంటుంది. అంత వాలు ఉంటే మంచు జారిపోతుంది, వాన నీరు నిలవదు. కప్పులో మేకులు ఉండవు. పెద్ద వాసాలను గడ్డి తాళ్లతోనూ, 'నెసో' అనే లేత కొమ్మలతోనూ కడతారు. పచ్చిగా ఉన్నప్పుడు నలిపి, మెలితిప్పి కడితే, ఎండాక ఆ కొమ్మ ఇంకా బిగుసుకుంటుంది. వాసాల కింది కొనను పెన్సిల్‌లాగా చెక్కి, దూలంలో తొలిచిన గుంటలో నిలబెడతారు. గాలి తోసినప్పుడు కప్పు కొంచెం కదులుతుంది, విరగదు. ఓగిమాచిలో ఇళ్ల ముఖాలు ఉత్తరం, దక్షిణం వైపే ఉంటాయి. లోయలో వీచే గాలి ఇంటిని నేరుగా తోయదు. కప్పు రెండు వైపులా ఎండ పడుతుంది. మంచు తొందరగా కరుగుతుంది, గడ్డి ఆరుతుంది.

1935లో బ్రూనో టౌట్ అనే జర్మన్ వాస్తుశిల్పి ఇక్కడికి వచ్చి ఈ ఇళ్ల నిర్మాణంలోని తర్కాన్ని మెచ్చుకున్నాడు. ఆయన పుస్తకం వల్ల బయట ప్రపంచానికి వీటి సంగతి తెలిసింది.

మేము దిగిన ఇంట్లో నేల మధ్యలో చతురస్రంగా ఒక నిప్పు గుంట ఉంది. దాన్ని ఇరోరి అంటారు. పొగగొట్టం లేదు. పొగ నేరుగా పైకి పోయి అటకల్లో నిండుతుంది. మసి పట్టి దూలాలు నల్లగా మెరుస్తున్నాయి. ఆ మసి వల్లే గడ్డికీ కర్రకూ పురుగు పట్టదట. ఇంటి పెద్దావిడకు ఎనభై దాటి ఉంటాయి. మా అమ్మాయి ఫోనులో అనువాదం పెట్టి ఆవిడతో మాట్లాడింది. ఎవరూ ఉండని ఇల్లు తొందరగా పాడవుతుందని ఆవిడ చెప్పారు. నిప్పు ఆరిపోతే తడి పడుతుంది, తడి పడితే గడ్డి కుళ్లుతుంది.

ఆ ఇంటి అటక ఒకటి కాదు, మూడు అంతస్తులు. అంత ఎత్తు మనుషుల కోసం కాదు, పట్టుపురుగుల కోసం. అటక నేల చీల్చిన వెదురుతో సందులు సందులుగా వేస్తారు. కింది నిప్పు వేడి ఆ సందుల్లోంచి పైకి వెళ్తుంది. చల్లటి కొండల్లో పట్టుపురుగులకు ఆ వెచ్చదనం కావాలి. కప్పు రెండు చివర్ల కిటికీలు తెరిస్తే గాలీ వెలుతురూ వస్తాయి. మెయిజీ కాలంలో, అంటే 1868 తర్వాత, పట్టు జపాన్‌కు పెద్ద ఎగుమతి సరుకు అయింది. అప్పుడు ఈ అటకలకు ఇంకా విలువ పెరిగింది.

ఇక నేల కింద జరిగిన పని. ఇదే నాకు అన్నిటికంటే ఆశ్చర్యం.

తుపాకులు జపాన్‌కు 1543లో వచ్చాయి. పోర్చుగీసువాళ్లు తెచ్చారు. తుపాకీ మందుకు మూడు వస్తువులు కావాలి: బొగ్గు, గంధకం, సురేకారం. సురేకారం అంటే పొటాషియం నైట్రేట్. బడిలో ఆ ఇంగ్లీషు పేరు బట్టీ పట్టాను. తెలుగులో దానికి ఇంత చక్కని పేరు ఉందని ఈ వయసులో తెలిసింది. జపాన్‌లో గంధకం బాగా దొరుకుతుంది, బొగ్గు ఉంది. సురేకారమే తవ్వి తీసేంత దొరకదు. గొకయామ వాళ్లు దాన్ని ఇంట్లో తయారు చేశారు.

ఎలాగంటే, నిప్పు గుంట పక్కన నేల కింద పెద్ద గొయ్యి తవ్వుతారు. అందులో ఎండిన మట్టి, పట్టుపురుగుల పెంట, గడ్డి, 'యొమొగి' అనే మొక్క పొరలు పొరలుగా వేస్తారు. ఆ యొమొగి ఏమిటో తెలుసా? మాచిపత్రి జాతి మొక్క! వినాయక చవితి నాడు ఇరవై ఒక్క పత్రులతో పూజ చేస్తాం కదా, అందులో మాచిపత్రి మొదటిది. ప్రతి సంవత్సరం చవితికి గుడిలో పత్రి వేరు చేసి పెట్టేది నేనే కాబట్టి ఆ వాసన వెంటనే గుర్తుపట్టాను. నిప్పు గుంట వేడికి నేల చలికాలంలోనూ గడ్డకట్టదు. మట్టిలోని సూక్ష్మజీవులు పెంటలోని, ఆకులలోని నత్రజనిని మెల్లగా మారుస్తాయి. ఏటా మట్టిని తిరగేసి మళ్లీ కప్పుతారు. నాలుగైదు సంవత్సరాలు పడుతుంది. తర్వాత ఆ మట్టిలో నీళ్లు పోసి, దిగిన నీటిని బూడిదతో కలిపి కాచి, వడకట్టి, చల్లారిస్తే సురేకారం గడ్డలు కడుతుంది. పైన పట్టుపురుగులు, మధ్యలో నిప్పు, కింద సురేకారం. ఒకదాని వ్యర్థం ఇంకొకదానికి సరుకు.

1570 నుంచి 1580 వరకు ఒసాకాలోని హోంగన్‌జి మఠం నొబునాగ అనే సేనాధిపతితో యుద్ధం చేసింది. ఆ మఠానికి ఇక్కడి నుంచి సురేకారం వెళ్లిందని ఊరివాళ్ల నమ్మకం. తర్వాత గొకయామ మయేదా వంశపు కాగా సంస్థానం కిందికి వచ్చింది. అది చాలా సంపన్న సంస్థానం. దాని ఆదాయం పది లక్షల కొకుల బియ్యమని చెప్పేవారు. కొకు అంటే సుమారు ఒక మనిషి ఏడాది తిండి. మయేదా ప్రభువులు సురేకారమంతా తామే కొనేవారు. ఈ పని సంగతి బయటికి తెలియకూడదు. అందుకు ఇంతకంటే మారుమూల చోటు ఎక్కడ దొరుకుతుంది? షో నది మీద వంతెన కట్టనివ్వలేదు. లోయకు అడ్డంగా తాడు కట్టి, దానికి వేలాడే బుట్టలో కూర్చుని జనం నది దాటేవారు. సంస్థానం తన నేరస్థులను కూడా ఇక్కడికే పంపేది. వాళ్లు పారిపోకుండా కూడా వంతెన లేకపోవడం పనికి వచ్చింది. అలాంటి ఖైదీని పెట్టిన గుడిసె ఒకటి ఇప్పటికీ చూపిస్తారు. అది కూడా గడ్డి కప్పే. చాలా చిన్నది. నేను అక్కడ ఎక్కువసేపు నిలబడలేకపోయాను.

మూడో పని కాగితం. చేత్తో చేసే కాగితాన్ని వాషి అంటారు. ఇక్కడి కాగితం 'కోజో' అనే చెట్టు బెరడుతో చేస్తారు. అది మల్బరీ కుటుంబంలోదే. బెరడును చలికాలంలో మంచు మీద పరుస్తారు. ఎండ, మంచు కలిసి దాన్ని తెల్లగా చేస్తాయి, మందులు అక్కరలేదు. తర్వాత ఉడికించి, దంచి, నీళ్లలో కలుపుతారు. నార అడుగుకు దిగిపోకుండా ఒక వేరు నుంచి తీసిన జిగురు కలుపుతారు. ఆ మొక్క బెండకు దగ్గరి చుట్టం. బెండకాయ కోసినవాళ్లకు ఆ జిగురు గురించి చెప్పక్కరలేదు! ఈ కాగితం చాలా గట్టిది. పాత పత్రాలను, పాత కట్టడాలను బాగుచేయడానికి ఇప్పటికీ వాడుతున్నారు.

భక్తి గురించి కూడా రాయాలి. ఈ లోయవాళ్లు జోదో షిన్ అనే బౌద్ధ శాఖవాళ్లు. వాళ్ల జపం 'నము అమిద బుత్సు'. అమిద అంటే అమితాభుడు. నము అంటే మన నమో! దొషు అనే భక్తుడు గొకయామలో ఉండేవాడు. 1516లో చనిపోయాడు. అమితాభుడి నలభై ఎనిమిది సంకల్పాలు మరచిపోకూడదని నలభై ఎనిమిది కట్టెల మీద పడుకునేవాడని చెబుతారు. ఊళ్లో కొకిరికో అనే పాత పాటకు ఆడతారు. చేతుల్లో రెండు చిన్న వెదురు కర్రలు, మన కోలాటం కర్రల కంటే పొట్టివి. ఇంకొక వాద్యం ఉంది, పేరు బింజసార. దానిలో చిన్న చెక్క పలకలు వరుసగా తాడుకు కట్టి ఉంటాయి. ఎన్ని అంటే 108. ఆ సంఖ్య విని మా అమ్మాయి నావైపు చూసి నవ్వింది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. గడ్డి కప్పు ముప్పై నలభై ఏళ్లకు ఒకసారి మళ్లీ నేయాలి. ఒక్క కుటుంబం చేయగల పని కాదు. కప్పు ఒక వైపు నేయడానికి వందమందికి పైగా కావాలి. ఆ ఊళ్లలో 'యుయి' అనే పద్ధతి ఉంది. యుయి అంటే కట్టడం, ముడి వేయడం. ఈరోజు మీ ఇంటికి నేను వస్తాను, రేపు మా ఇంటికి మీరు రావాలి. డబ్బు లేదు. తెలుగు పల్లెల్లో 'బదులు పని' అంటారట. మగవాళ్లు కప్పు మీద ఉంటారు, ఆడవాళ్లు గడ్డి అందిస్తారు, అందరికీ వంట చేస్తారు.

ఎవరు ఎంత సాయం చేశారో పుస్తకంలో రాసుకునేవారు. ఫలానా ఇంటివారు, గడ్డి ఇన్ని కట్టలు, తాడు ఇంత, ఇన్ని రోజుల పని. ముప్పై ఏళ్ల తర్వాత వాళ్ల ఇల్లు నేసేటప్పుడు ఆ పుస్తకం తీసి చూసి, తీసుకున్నంత తిరిగి ఇవ్వాలి. అప్పటికి ఇచ్చిన మనిషి ఉండకపోవచ్చు. అయినా కొడుకో మనవడో తీర్చాలి.

ఇది వినగానే నాకు మా గుడి పుస్తకం గుర్తుకొచ్చింది.

మా తాత శ్రీకాకుళం వైపు నుంచి మలేషియాకు, పేరాక్‌లోని కొబ్బరి తోటకు కూలిపనికి వచ్చారు. తోటలోని ఇళ్లకు, గుడికి నిపా ఆకు కప్పు ఉండేది. దాన్ని ఇక్కడ అటాప్ అంటాం. ఆకును కర్రకు మడిచి కుట్టి వరుసలుగా పేరుస్తారు. మా మామ్మ ఆకు కుట్టడం నేను చిన్నప్పుడు చూశాను. ఆ పని పేరు తెలుగులో ఆవిడ ఏదో అనేవారు. నాకు గుర్తు లేదు. అడగడానికి ఇప్పుడు ఆవిడ లేరు. తర్వాత రేకుల కప్పు వచ్చింది, ఆ తర్వాత సిమెంటు గుడి వచ్చింది.

కొన్నేళ్ల కిందట గుడి ఆఫీసు గది శుభ్రం చేస్తుంటే ఒక పాత పుస్తకం దొరికింది. చెదలు తిన్నాయి. లోపలంతా తెలుగు అక్షరాలు. కమిటీలో ఎవరికీ చదవడం రాదు. అందరం ఇంగ్లీషు బడికో మలయ్ బడికో వెళ్లినవాళ్లమే. పారేద్దాం అన్నారు. నేను ఇంటికి తెచ్చుకున్నాను. తెలుగు నేర్చుకోవడం మొదలుపెట్టింది అందుకే. ఎనిమిది నెలలకు మొదటి పేజీ చదవగలిగాను. మా తాత పేరు ఉంది. పక్కన 'ఆకు 40 కట్టలు, పని 2 రోజులు' అని ఉంది.

ఆ ఇంటి పెద్దావిడకు ఇది చెప్పమని అమ్మాయిని అడిగాను. ఫోను ఎలా అనువాదం చేసిందో తెలియదు. ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఒక మాట అడిగారు: "మరి బదులు ఎవరు తీర్చారు?"

నా దగ్గర జవాబు లేదు.

వాళ్ల దగ్గర కూడా అన్నీ నిలబడలేదు. మెయిజీ కాలంలో చిలీ నుంచి చవకగా నైట్రేటు వచ్చింది, సురేకారం గోతులు మూతపడ్డాయి. తర్వాత పట్టు పని కూడా తగ్గిపోయింది. నది పై భాగంలో మిబోరో ఆనకట్ట 1961లో పూర్తయింది, కొన్ని ఊళ్లు నీళ్లలో మునిగాయి. రెండు పాత చెర్రీ చెట్లను మాత్రం 1960లో పైకి తరలించి బతికించారు. చాలా గస్షో ఇళ్లు అమ్ముడుపోయాయి. కొన్నిటిని విప్పి పట్నాలకు తీసుకుపోయారు. ఐనోకురా, సుగనుమలను ప్రభుత్వం 1970లో చారిత్రక స్థలాలుగా ప్రకటించింది. 1971లో ఓగిమాచి జనం ఒక సంఘం పెట్టుకుని మూడు నియమాలు చేసుకున్నారు: అమ్మకూడదు, అద్దెకు ఇవ్వకూడదు, పడగొట్టకూడదు. గడ్డి ఇళ్లకు పెద్ద భయం నిప్పు. అందుకని ఊరంతా నీటి ఫిరంగులు పెట్టారు, వంతులవారీగా నిప్పు కాపలా తిరుగుతారు.

ఇప్పుడు డబ్బు ప్రభుత్వం చాలావరకు ఇస్తుంది. కప్పు నేసే పని ఎక్కువగా జీతానికి పనిచేసే పనివాళ్లే చేస్తున్నారు. ఊళ్లో గడ్డి చాలక బయటి ప్రాంతాల నుంచి తెస్తారు. యుయి అప్పుడప్పుడు మాత్రమే జరుగుతుంది. ఊరు చూడటానికి జనం మాత్రం చాలా మంది వస్తారు. నేను కూడా అలా వచ్చినవాణ్ణే.

ఇంతా చూసి నేను 'అన్నీ పాతవిలాగే ఉండాలి' అని చెప్పను. ఆ పనివాళ్ల చేతుల్లో విద్య బతికే ఉంది, కప్పు కారడం లేదు. అది చిన్న సంగతి కాదు. ఇంటికి వచ్చాక మా గుడి కమిటీలో మండపం కప్పు బాగుచేసే మాట వచ్చింది. కాంట్రాక్టరుకే ఇవ్వాలని తీర్మానం చేశారు. నేను కూడా చెయ్యి ఎత్తాను. మా మోకాళ్లతో ఎవరు ఎక్కుతారు? కానీ ఒక్కటి అడిగాను. పాత పుస్తకం పక్కన కొత్త పుస్తకం పెడదాం, డబ్బు ఇచ్చినవాళ్ల పేర్లే కాకుండా వచ్చి ఊడ్చినవాళ్లు, వంట చేసినవాళ్లు, నీళ్లు మోసినవాళ్లు, అందరి పేర్లూ, ఎన్ని గంటలో కూడా రాద్దాం, తెలుగులో రాద్దాం అన్నాను. ఒకరు నవ్వారు: "రాస్తే చదివేది ఎవరు?"

సరైన ప్రశ్నే. అయినా మొదటి పేజీ నేనే రాశాను. అక్షరాలు వంకరగా వచ్చాయి. పోయిన ఆదివారం మా అమ్మాయి గుడికి వచ్చి మూడు గంటలు గిన్నెలు కడిగింది. తన పేరు ఎక్కడ ఉందో చూపించమంది. వేలు పెట్టి చూపించాను. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివింది.

మీ ఇళ్లలో గాని, గుళ్లలో గాని ఇలాంటి పాత పుస్తకాలు ఉంటే పారేయకండి. చదవడం రాకపోయినా దాచండి. ఆకు కుట్టే పనికి మీ పెద్దవాళ్లు ఏ మాట వాడేవారో తెలిస్తే నాకు చెప్పండి. మా మామ్మ అన్న మాట అదేనేమో వింటే గుర్తుపడతాను.

ఉంటాను. మళ్లీ కలుద్దాం.